డ్యూక్ ఎల్లింగ్టన్: ప్రతి కాగితం మీదా ఒక పేరు



ఉప్పల్, నాచారం వైపు పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఫంక్షన్ హాళ్ల ముందు రోజూ బ్యాండ్ మేళమే. ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్, సాక్సోఫోన్, డ్రమ్స్. బరాత్ ముందు అవి మోగుతుంటే ట్రాఫిక్‌లో ఇరుక్కుని విసుక్కునేవాళ్ల కాలు కూడా ఆడుతుంది. దాదాపు ఇవే వాయిద్యాలతో తొంభై ఏళ్ల క్రితం అమెరికా దేశం మొత్తాన్ని డ్యాన్స్ చేయించిన బ్యాండ్లు ఉండేవి. ఆ సంగీతాన్ని స్వింగ్ అంటారు. ఆ బ్యాండ్లలో అగ్రస్థానం అందుకున్న ఒక బ్యాండ్ 1963లో మన హైదరాబాద్‌కి కూడా వచ్చింది. దాన్ని నడిపిన డ్యూక్ ఎల్లింగ్టన్ గారి జీవితం ఈ నెల మన శీర్షికలో చదువుదాం.

ముందు స్వింగ్ గురించి రెండు మాటలు. అమెరికాలోని నల్లజాతి ప్రజల పాటల్లోంచి, వాయిద్యాల్లోంచి పుట్టిన సంగీతం జాజ్. అందులో ఒక రకం స్వింగ్. సుమారు పదిహేను మంది కలిసి ఊపుగా వాయిస్తారు. మధ్యలో ఒకరు లేచి నిలబడి, రాసి లేనిదాన్ని అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. మన కర్ణాటక కచేరీలో మనోధర్మం అంటామే, అలాంటిదే. 1935 నుంచి ఓ పదేళ్లు అమెరికాలో రేడియో పెడితే ఈ సంగీతమే. బెన్నీ గుడ్‌మన్, కౌంట్ బేసీ లాంటి బ్యాండ్ లీడర్లు, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ లాంటి గాయనులు ఆ రోజుల్లో ఇంటింటికీ తెలిసిన పేర్లు.

పియానో క్లాస్ మానేసిన పిల్లవాడు

ఎడ్వర్డ్ కెన్నెడీ ఎల్లింగ్టన్ 1899 ఏప్రిల్ 29న వాషింగ్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి జేమ్స్ ఎడ్వర్డ్ ఒక డాక్టర్ గారి ఇంట్లో బట్లర్. పెద్ద విందులప్పుడు వైట్ హౌస్‌లో కూడా వడ్డనకు వెళ్లేవారు. తల్లి డైసీ కొడుకుని కళ్లలో పెట్టుకుని పెంచింది. నువ్వు దీవెనలతో పుట్టినవాడివి, దేనికీ భయపడక్కర్లేదని వాడికి పదే పదే చెప్పేది. తెల్లవాళ్లకు ఒక బడి, నల్లవాళ్లకు ఇంకో బడి ఉన్న ఊళ్లో ఒక నల్లజాతి తల్లి కొడుక్కి ఆ నమ్మకం ఇవ్వడం చిన్న విషయం కాదు.

తల్లిదండ్రులిద్దరికీ పియానో వచ్చు. అబ్బాయికి ఏడేళ్లు వచ్చేసరికి మారియెట్టా క్లింక్‌స్కేల్స్ అనే టీచర్ దగ్గర ట్యూషన్ పెట్టించారు. ఎడ్వర్డ్ మనసంతా బేస్‌బాల్ మీదే. ఆట దగ్గరుండి చూడొచ్చని స్టేడియంలో వేరుశనగలు కూడా అమ్మాడు. పాఠాలకు ఎగనామం పెట్టేవాడు. పియానో మూలన పడింది. మన భాషలో చెప్పాలంటే, కట్టిన ఫీజు దండగైంది.

పద్నాలుగేళ్ల వయసులో వాడికి ఫ్రాంక్ హాలిడే అనే ఆయన బిలియర్డ్స్ హాలు అలవాటైంది. ఏ తల్లీ కొడుకుని పంపడానికి ఇష్టపడని చోటు అది. కానీ ఊళ్లోని పియానో వాయిద్యగాళ్లంతా చేరేది అక్కడే. నోట్స్ చూసి వాయించేవాళ్లు, చెవితో విని వాయించేవాళ్లు పక్కపక్కన కూర్చునేవారు. ఎడ్వర్డ్ వాళ్ల వేళ్ల వంకే చూస్తూ విన్నాడు. ఆ రోజుల్లోనే ఒక కెఫేలో సోడా కలిపి ఇచ్చే పని చేస్తూ తన మొదటి ట్యూన్ కట్టాడు. దాని పేరు సోడా ఫౌంటెన్ రాగ్. అప్పటికి నోట్స్ రాయడం వాడికి రాదు. అదే ట్యూన్‌ని ఒకసారి వేగంగా, ఒకసారి వాల్ట్జ్ నడకలో వాయిస్తే వినేవాళ్లు రెండూ వేర్వేరు పాటలనుకునేవారు.

ఆ తర్వాతే పాఠాల అవసరం వాడికి తెలిసింది. ఆలివర్ పెర్రీ అనే పియానో కళాకారుడు నోట్స్ చదవడం నేర్పారు. వేరే స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా ఉన్న హెన్రీ గ్రాంట్ ఇంటికి పిలిచి హార్మనీ పాఠాలు చెప్పారు. ఏడేళ్లప్పుడు అమ్మ కోసం వెళ్లి మానేసిన చదువుకి ఇప్పుడు తనంతట తానే వెళ్లాడు. మంచి బట్టలు, మర్యాదైన మాట తీరు చూసి ఒక స్నేహితుడు డ్యూక్ అని పేరు పెట్టాడు. డ్యూక్ అంటే మన వైపు దొరగారు అన్నట్టు. ఆ పేరే నిలిచిపోయింది.

బోర్డుల కొట్టు నుంచి హార్లెం దాకా

డ్యూక్‌కి బొమ్మలు వేయడం కూడా బాగా వచ్చు. న్యూయార్క్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ చదవడానికి స్కాలర్‌షిప్ వస్తే కాదన్నాడు. హైస్కూల్ పూర్తి కావడానికి కొన్ని నెలల ముందు చదువు ఆపేశాడు. ఇది పిల్లలకు చెప్పి మెచ్చుకోవలసిన విషయమేమీ కాదు. అయితే వాడు ఖాళీగా కూర్చోలేదు. సైన్‌బోర్డులు రాసే వ్యాపారం పెట్టాడు. ఎవరైనా డ్యాన్స్ ప్రోగ్రాం పోస్టర్ రాయించుకోవడానికి వస్తే, మ్యూజిక్ ఎవరిదని అడిగేవాడు. ఇంకా ఎవరినీ మాట్లాడుకోలేదంటే తన బ్యాండ్‌నే కుదిర్చేవాడు. 1918లో ఎడ్నా థామ్సన్‌తో పెళ్లయింది. మరుసటి ఏడు కొడుకు మెర్సర్ పుట్టాడు.

1923లో డ్యూక్ న్యూయార్క్ వెళ్లారు. నాలుగేళ్లు చిన్న క్లబ్బుల్లో వాయించాక, 1927 డిసెంబర్‌లో హార్లెంలోని కాటన్ క్లబ్‌లో అవకాశం వచ్చింది. హార్లెం నల్లజాతి వాళ్ల పేట. స్టేజీ మీద వాయించేది, ఆడేది, పాడేది నల్లవాళ్లే. కానీ ఎదురుగా టేబుళ్ల దగ్గర కూర్చునేది మాత్రం తెల్లవాళ్లే. వాయించేవాడి సొంత అమ్మానాన్నలు వస్తే టేబుల్ దొరకని క్లబ్ అది. అక్కడి నుంచే రేడియో ఆ సంగీతాన్ని దేశమంతా మోసుకెళ్లింది. 1931లో ఆ క్లబ్ వదిలేసరికి డ్యూక్ ఎల్లింగ్టన్ పేరు తెలియని సంగీత ప్రియుడు అమెరికాలో లేడు. 1932లో ఐవీ ఆండర్సన్ అనే గాయని పాడగా ఆయన ఇట్ డోంట్ మీన్ ఎ థింగ్ అనే పాట రికార్డు చేశారు. ఆ పాట పూర్తి పేరులోనే స్వింగ్ అనే మాట ఉంది. దేశమంతా స్వింగ్ అంటూ ఊగడానికి ఇంకా మూడేళ్లుంది.

మనిషిని చూసి రాసిన సంగీతం

డ్యూక్ గారిని మిగతా బ్యాండ్ లీడర్ల నుంచి వేరు చేసేది ఆయన సంగీతం రాసే పద్ధతి. తల్లిదండ్రులుగా మీరూ, టీచర్లుగా మేమూ ఆగి చూడవలసింది ఇక్కడే.

మామూలుగా సంగీతం రాసేటప్పుడు కాగితం పైన మొదటి ట్రంపెట్, రెండో ట్రంపెట్, మొదటి సాక్సోఫోన్ అని వేస్తారు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే వాయించాలి. డ్యూక్ గారు తన బ్యాండ్ కాగితాల మీద మనుషుల పేర్లు రాసేవారు. ఇది కూటీది, ఇది హాడ్జెస్‌ది అని. ఆ మనిషి గొంతు ఎలా ఉంటుంది, ఏ స్వరం దగ్గర బాగా పలుకుతాడు, ఎక్కడ తడబడతాడు అన్నది చూసుకుని, దానికి తగ్గట్టు రాసేవారు.

బబ్బర్ మైలీ అనే ట్రంపెట్ వాద్యకారుడు ఉండేవారు. సింక్‌లో నీళ్లు ఆగిపోతే వాడే రబ్బరు కప్పుని ట్రంపెట్ మూతికి అడ్డుపెట్టి, గుర్రుమంటూ మనిషి మూలిగినట్టు వాయించేవారు. సంగీత కళాశాలలో అయితే ఆ శబ్దాన్ని తప్పంటారేమో. డ్యూక్ గారు దాని చుట్టూ పాటలు కట్టారు. బ్యాండ్‌కి గుర్తింపు తెచ్చిన శబ్దం అదే అయింది. మైలీ వెళ్లిపోయాక ఆ చోటుకి కూటీ విలియమ్స్ వచ్చారు. 1940లో ఆయన ఒక్కడి కోసం, ఆయన పేరు మీదే కన్‌చెర్టో ఫర్ కూటీ రాశారు.

హ్యారీ కార్నీ కథ ఇంకా బాగుంటుంది. 1927లో బ్యాండ్‌లో చేరేనాటికి ఆయనకు 17 ఏళ్లు. బారిటోన్ సాక్సోఫోన్ అనే బరువైన వాయిద్యం ఆయనది. బ్యాండ్‌లో అడుగున ఉండి అందరినీ మోసే గొంతు. మామూలు బ్యాండ్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. డ్యూక్ గారు దానికీ మాట్లాడే చోటు ఇచ్చారు. కార్నీ ఆ కుర్చీ వదలలేదు. డ్యూక్ గారు చనిపోయేదాకా, అంటే సుమారు 47 ఏళ్లు, అక్కడే ఉన్నారు. కచేరీ నుంచి కచేరీకి డ్యూక్ గారిని తన కారులో తీసుకెళ్లేది కూడా ఆయనే.

1930లో వచ్చిన మూడ్ ఇండిగో ట్యూన్ వీలైతే పిల్లలతో కలిసి వినండి. మామూలుగా పైన పలికే క్లారినెట్ అందులో అడుగు స్వరంలో ఉంటుంది. మామూలుగా కింద ఉండే ట్రాంబోన్ పైన ఉంటుంది. వాయిద్యాలు కొత్తవి కావు, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదే మారింది. ఆ చిన్న మార్పుతో అప్పటిదాకా ఎవరూ వినని రంగు వచ్చింది.

దుఃఖం, అవమానం, పట్టుదల

1935 మే నెలలో తల్లి డైసీ చనిపోయారు. డ్యూక్ గారు చాలా కుంగిపోయారు. కొన్నాళ్లు ఏమీ రాయలేకపోయారు. తర్వాత రైలు ప్రయాణాల్లో కూర్చుని ఆమె జ్ఞాపకంగా రెమినిసింగ్ ఇన్ టెంపో రాశారు. అప్పట్లో రికార్డుకి ఒక వైపు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. ఇది సుమారు 13 నిమిషాలు, నాలుగు వైపులు పట్టింది. డ్యాన్స్ బ్యాండ్ వాడికి ఇంత పొడుగు సంగీతం ఎందుకని కొందరు విమర్శకులు తీసిపారేశారు.

దక్షిణ రాష్ట్రాల్లో పర్యటనలంటే ఇంకో సమస్య. టిక్కెట్లు కొనుక్కుని చప్పట్లు కొట్టే ఊళ్లోనే రాత్రికి హోటల్ గది ఇవ్వరు, హోటల్లో అన్నం పెట్టరు. అందుకని ఆయన బ్యాండ్ కోసం ప్రత్యేకంగా రైలు బోగీలు అద్దెకు తీసుకున్నారు. స్టేషన్ పక్కన పట్టాల మీద బోగీ నిలిపి, అందులోనే తిని, అందులోనే పడుకునేవారు. ఎవరినీ బతిమాలాల్సిన పని లేకుండా తన మనుషుల మర్యాద కాపాడిన పద్ధతి అది.

1938 డిసెంబర్‌లో పిట్స్‌బర్గ్‌లో 23 ఏళ్ల బిల్లీ స్ట్రేహార్న్ ఆయనను కలిశాడు. ఒక మందుల దుకాణంలో పనిచేసేవాడు. శాస్త్రీయ పియానో కళాకారుడు కావాలని కలగన్నాడు, కానీ నల్లజాతి కుర్రాడికి ఆ తలుపులు మూసి ఉన్నాయి. డ్యూక్ గారు న్యూయార్క్ రమ్మని, తమ ఇంటికి ఏ సబ్‌వే రైలు ఎక్కాలో చెప్పారు. ఉప్పల్ నుంచి అమీర్‌పేట వెళ్లాలంటే బ్లూ లైన్ ఎక్కండి అని మనం చెబుతామే, అలాగే. ఆ దారి గుర్తునే స్ట్రేహార్న్ పాటగా మలిచాడు. టేక్ ది ఏ ట్రైన్ అనే ఆ పాట 1941లో రికార్డయి, బ్యాండ్‌కి సిగ్నేచర్ ట్యూన్ అయింది. ఆ తర్వాత 28 ఏళ్లు వాళ్లిద్దరూ ఎంత కలిసి రాశారంటే, ఏ భాగం ఎవరిదో విడదీయడం పండితులకే కష్టమైంది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. స్ట్రేహార్న్ రాసినదానికి చాలాసార్లు ఆయన పేరు రావలసినంతగా రాలేదు. బ్యాండ్ సభ్యులు ఊరికే వాయించుకున్న ట్యూన్లు కొన్ని డ్యూక్ గారి పేరు మీద వెళ్లాయి. జానీ హాడ్జెస్ లాంటి గొప్ప సాక్సోఫోన్ కళాకారుడు 1951లో బ్యాండ్ వదిలి వెళ్లి, 1955లో తిరిగి వచ్చారు. కాగితం మీద అందరి పేర్లూ రాసిన మనిషి, రికార్డు లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అంత ఉదారంగా లేరు. గొప్పవాళ్ల జీవితాలు పిల్లలకు చెప్పేటప్పుడు ఈ వైపు కూడా చెబితేనే వాళ్లు మనల్ని నమ్ముతారు.

యుద్ధం అయిపోయాక కాలం మారింది. డ్యాన్స్ హాళ్లు ఖాళీ అయ్యాయి. 1946 చివర్లో పేరున్న బ్యాండ్లు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. డ్యూక్ గారు మాత్రం తన పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బుతో బ్యాండ్‌ని నిలబెట్టుకున్నారు. లాభం లేకపోయినా జీతాలిచ్చారు. ఈ రోజు రాసిన సంగీతాన్ని రేపు వినాలంటే వాయించే మనుషులు పక్కన ఉండాలి కదా. 1956 జులై 7న న్యూపోర్ట్ ఉత్సవంలో, 1937లో తాను రాసిన ఒక సంగీతాన్ని మళ్లీ ఎత్తుకున్నారు. మధ్యలో పాల్ గొన్సాల్వెస్ అనే సాక్సోఫోన్ కళాకారుడు లేచి ఆగకుండా 27 ఆవర్తాలు వాయించారు. జనం కుర్చీల్లోంచి లేచి డ్యాన్స్ చేశారు. వచ్చే నెల టైమ్ పత్రిక ముఖచిత్రం మీద డ్యూక్ గారి బొమ్మ ఉంది. ఆయనకప్పుడు 57 ఏళ్లు.

హైదరాబాద్ వచ్చిన బ్యాండ్

1963లో అమెరికా విదేశాంగ శాఖ ఈ బ్యాండ్‌ని మధ్యప్రాచ్యం, దక్షిణ ఆసియా దేశాల పర్యటనకు పంపింది. తమ దేశంలో నల్లవాళ్లకు కూడా గౌరవం ఉందని ప్రపంచానికి చూపించాలని ప్రభుత్వం ఆశ. అదే సెప్టెంబర్‌లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో బాంబు పెడితే నలుగురు నల్లజాతి ఆడపిల్లలు చనిపోయారు. అలాంటి వార్తల మధ్య పరాయి దేశంలో తమ దేశం తరఫున నిలబడి వాయించడం ఎంత బరువైన పనో ఊహించుకోవచ్చు.

ఢిల్లీ వచ్చాక డ్యూక్ గారు జబ్బుపడి ఆస్పత్రిలో చేరారు. లీడర్ మంచం మీద ఉన్నారు, ముందు ఊళ్లలో ప్రోగ్రాములు ఖరారై ఉన్నాయి. బ్యాండ్ ఆగలేదు. ఆయన లేకుండానే దక్షిణానికి బయలుదేరింది. హైదరాబాద్ ఆ దారిలోదే. పియానో దగ్గర స్ట్రేహార్న్ కూర్చున్నారు. కార్నీ, హాడ్జెస్, కూటీ, గొన్సాల్వెస్ ఎవరి కాగితం వాళ్ల ముందు పెట్టుకున్నారు. ప్రతి కాగితమూ ఆ మనిషి కోసమే రాసింది కాబట్టి, రాసిన మనిషి పక్కన లేకపోయినా సంగీతం నడిచింది. ఏ టీచర్‌కైనా, ఏ తల్లిదండ్రులకైనా ఇంతకంటే పెద్ద పరీక్ష, ఇంతకంటే పెద్ద ఫలితం ఉండవు. మనం పక్కన లేని రోజున పిల్లలు తమ పని తాము చేసుకోగలగాలి.

కోలుకున్నాక డ్యూక్ గారు బ్యాండ్‌ని కలుసుకుని పర్యటన కొనసాగించారు. నవంబర్‌లో టర్కీలో ఉండగా అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరగడంతో పర్యటన ఆగిపోయింది. ఆ ప్రయాణంలో విన్నవీ చూసినవీ ఆయనా స్ట్రేహార్న్ కలిసి ఫార్ ఈస్ట్ సూట్ అనే ఆల్బమ్‌గా రాశారు. అందులో ఒక భాగం ఆగ్రా గురించి. మరొకటి ఢిల్లీలో విన్న గోరింక కూత మీద కట్టింది. ఆ గోరింక పాత్ర క్లారినెట్‌ది.

చివరి రోజులు

1965లో పులిట్జర్ సంగీత జ్యూరీ ఆయనకు ప్రత్యేక గౌరవం ఇవ్వాలని సిఫారసు చేస్తే పై బోర్డు ఒప్పుకోలేదు. జ్యూరీలో ఇద్దరు రాజీనామా చేశారు. 66 ఏళ్ల డ్యూక్ గారు నవ్వి ఊరుకుని, మళ్లీ రాసుకోవడంలో పడ్డారు. ఆయన శతజయంతి ఏడు 1999లో పులిట్జర్ ప్రత్యేక గౌరవం ప్రకటించారు. అప్పటికి ఆయన పోయి పాతికేళ్లు.

ఒక గౌరవం మాత్రం బతికుండగానే అందింది. 1969 ఏప్రిల్ 29న, 70వ పుట్టినరోజు నాడు, అధ్యక్షుడు నిక్సన్ వైట్ హౌస్‌లో విందు ఇచ్చి మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానం చేశారు. తండ్రి వడ్డనకు వెళ్లిన ఇంట్లో కొడుకు ముఖ్య అతిథి అయ్యాడు.

స్ట్రేహార్న్ 1967లో క్యాన్సర్‌తో పోయారు. డ్యూక్ గారు 1974 మే 24న న్యూయార్క్‌లో కన్నుమూశారు. అంత్యక్రియలకు 12 వేల మందికి పైగా వచ్చారు. కార్నీ అదే ఏడు అక్టోబర్‌లో వెళ్లిపోయారు. కొడుకు మెర్సర్ బ్యాండ్ బాధ్యత తీసుకున్నారు. వెయ్యికి పైగా రచనలు మిగిల్చిన ఆ జీవితం తాలూకు కాగితాలు ఇప్పుడు ఆయన పుట్టిన వాషింగ్టన్‌లోనే, స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటి మీద ఇప్పటికీ ఆ మనుషుల పేర్లే కనిపిస్తాయి.

ఈ నెల ఇంట్లో ఒక పని

మన పిల్లల కాగితాల మీద రోల్ నంబర్, సెక్షన్, ర్యాంకు ఉంటాయి. పరీక్షలకు అవి కావాలి, వాటిని కాదనడం లేదు. కానీ ఎనిమిదో తరగతి రాగానే డ్యాన్స్ క్లాస్, డ్రాయింగ్ క్లాస్ ఆపేసి, ఫౌండేషన్ కోర్సు ఒక్కటే ఉంచే ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. కష్టపడి ఫీజు కడుతున్న తల్లిదండ్రుల ఆదుర్దా మాకు తెలుసు. నిజానికి అందరి పిల్లలకూ ఒకే కాగితం ఇచ్చి వాయించమంటే, గుర్రుమనే ట్రంపెట్ ఎవరిదో, అడుగున ఉండి అందరినీ మోసే గొంతు ఎవరిదో మనకు ఎప్పటికీ తెలియదు.

అందుకని ఒక చిన్న విన్నపం. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వచ్చేటప్పుడు ఒక తెల్లకాగితం తీసుకురండి. మీ పాప లేదా బాబు ఏం చేస్తున్నప్పుడు అన్నం వేళ కూడా మర్చిపోతారో, దేని దగ్గర తడబడతారో, మీరు గమనించినవి నాలుగు లైన్లు రాయండి. మార్కుల షీట్‌లో లేని సంగతులే రాయండి. మేము క్లాసులో చూసినవి దాని కిందే రాస్తాం. కాగితం పైన రోల్ నంబర్ వేయకండి, పేరు రాస్తే చాలు.